ముందు చక్రాలు లాగే బండి శ్రీశైలం ఘాట్ ఎక్కదా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మీది పొదిలి. ఇంట్లో ఐదుగురు. సెకండ్ హ్యాండ్‌లో ఒక పెట్రోలు హ్యాచ్‌బ్యాక్ చూశారు, డిక్కీలో సీఎన్‌జీ కిట్ ఉంది. మీ నాన్నగారు ఒకప్పుడు జీపు నడిపిన మనిషి. "ముందు చక్రాలు లాగే బండి లోడు మీద కొండెక్కదు, కంపెనీకి చవగ్గా తయారవుతుందని జనానికి అంటగడుతున్నారు" అంటున్నారు. ఏడాదికి మూడు నాలుగు సార్లు దోర్నాల మీదుగా శ్రీశైలం పోతారు, వారానికోసారి చేను దాకా మట్టిరోడ్డు. తీసుకోవచ్చా, వద్దా?

తీసుకోండి. నిక్షేపంగా ఎక్కుతుంది. మీ నాన్నగారు చెప్పిన రెండు మాటల్లోనూ నిజం ఉంది, కాదనను. కానీ ఆయన చెప్పేది ఎవరింటి ముందైనా నిటారుగా కట్టిన ర్యాంపుకి సరిపోతుంది, శ్రీశైలం ఘాట్‌కి కాదు. ఎందుకో లెక్కతో సహా చెప్తాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

నేను 1987లో నెల్లూరులో ఒక మెకానిక్ షెడ్డులో కుర్రాడిగా చేరాను. ఇప్పుడు ఒంగోలులో సొంత షెడ్డు. చేరిన కొత్తల్లో మాకు వచ్చేవి అంబాసిడర్లు, ఫియట్లు, జీపులు. అన్నిటికీ ఇంజన్ ముందు, అది తిప్పే చక్రాలు వెనక. మారుతి 800 అప్పటికి నాలుగేళ్ల నుంచి (1983 డిసెంబరు నుంచి) రోడ్ల మీద తిరుగుతున్నా మా మేస్త్రికి దాని మీద గురి లేదు, బొమ్మకారు అనేవాడు. ఒకరోజు ఒక డాక్టరు గారి 800 క్లచ్ పనికి వచ్చింది. మేస్త్రి గోనెపట్టా పరుచుకుని కిందకి దూరాడు. కాసేపు టార్చి అటూ ఇటూ కొట్టాడు. బయటికి రాకుండానే అడిగాడు: "ఒరే అబ్బయ్యా, దీనికి షాఫ్ట్ ఏదిరా?"

అంబాసిడర్ కిందకి దూరితే ముక్కుకి తగిలేంత దగ్గరలో బండి పొడుగునా ఒక లావుపాటి ప్రొపెల్లర్ షాఫ్ట్ ఉంటుంది, ఇంజన్ తిప్పుడుని వెనక చక్రాలకి అందించేది అదే. దాని చివర గుమ్మడికాయంత హౌసింగు, అందులో ఆ తిప్పుడుని చక్రాల వైపు మలిపే రెండు పళ్లచక్రాలు, క్రౌను, పినియన్. ఈ బండి కింద సైలెన్సర్ గొట్టం తప్ప ఏమీ లేదు. ముందుకి జరిగి చూస్తే అక్కడ ఉంది సరుకంతా. ఇంజన్ బండి వెడల్పు వెంట అడ్డంగా పెట్టి ఉంది. దాని పక్కనే గేర్‌బాక్సు, ఆ గేర్‌బాక్సు డొప్పలోనే రెండు పక్కల చక్రాలకీ బలం పంచే డిఫరెన్షియల్. అందులోంచి చెరో పక్కకి ఒక్కో డ్రైవ్ షాఫ్ట్ వచ్చి నేరుగా ముందు చక్రాల్లోకి పోయాయి. నేను ఉత్సాహపడి గేరు ఆయిల్ దించకుండానే ఒక షాఫ్ట్ బయటికి లాగేశాను. పాత బండ్ల అలవాటు కదా, లాగితే ఏమవుతుంది అనుకున్నా. ఉన్న ఆయిలంతా మోచేయి మీదుగా చంకలోకి కారింది. గేరు ఆయిల్ వాసన తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, మూడు రోజులు సబ్బుకి లొంగలా. ఆ రోజు నుంచి ఈ అమరిక నాకు బాగా గుర్తుండిపోయింది.

ఇప్పుడు మీ నాన్నగారి రెండో మాట ముందు తేలుద్దాం: కంపెనీకి చవకా? అవును, చవకే. పొడుగు షాఫ్ట్ లేదు, వెనక హౌసింగు లేదు, ఇంజను, గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ అంతా ఒకే ముద్దగా బయట బిగించి, కింది నుంచి బండిలోకి ఎక్కించేస్తారు. వాళ్లకి పని తక్కువ, సామాను తక్కువ. అయితే ఆ చవకలో మన వాటా కూడా ఉంది.

మొదటిది చోటు. అంబాసిడర్ పద్నాలుగు అడుగుల పైన పొడుగు, 800 పదకొండడుగులు. అయినా నలుగురు కూర్చునేవాళ్లు. ఇంజన్ అడ్డంగా పెడితే ముందు మూతి పొట్టిదవుతుంది, మిగిలిన పొడుగు మనుషులకి వస్తుంది. కింద షాఫ్ట్ లేదు కాబట్టి వెనక సీటు మధ్యలో కాళ్ల దగ్గర ఆ గుట్ట కూడా దాదాపు ఉండదు. మా తరంలో కార్లో పెళ్లికి పోయిన పిల్లలందరం ఆ గుట్ట మీద కూర్చుని పోయినవాళ్లమే. మీరు ఐదుగురు కాబట్టి ఇది మీకు నేరుగా పనికొచ్చే సంగతి. వెనక మధ్యలో కూర్చునే మనిషి శ్రీశైలం దాకా కాళ్లు రెండు పక్కలకీ చాపుకుని కూర్చోవాల్సిన పని ఉండదు.

ఈ చోటు కోసమే అసలు ఈ పద్ధతి ఊపందుకుంది. 1956లో సూయజ్ గొడవతో ఇంగ్లండులో పెట్రోలుకి కటకట వచ్చింది. అప్పుడు చిన్న కారు గీయమంటే అలెక్ ఇసిగోనిస్ అనే ఆయన పదడుగుల బండిలో నలుగురిని కూర్చోబెట్టాడు. 1959లో వచ్చిన మినీ అదే. ఇంజన్ని అడ్డం తిప్పి, చోటు చాలక గేర్‌బాక్సుని ఇంజన్ కింద ఆయిల్ తొట్టిలో పెట్టాడు. ఇంజనుకీ గేర్లకీ ఒకటే ఆయిల్! మా మేస్త్రి వింటే చెవులు మూసుకునేవాడు. ముందు చక్రాలు లాగే బండ్లు అంతకుముందూ ఉన్నాయి, ఫ్రాన్సులో సిట్రోయెన్ 1934లోనే పెద్ద ఎత్తున అమ్మింది. కానీ ఇవాళ మీరు చూసిన బండిలో ఉన్న అమరిక ఇటలీ ఫియట్‌లో దాంతే జియాకోసా అనే ఇంజనీరుది. గేర్‌బాక్సుని ఇంజన్ కింద కాకుండా పక్కన, చివర బిగించాడు. అందువల్ల ఒక డ్రైవ్ షాఫ్ట్ పొట్టిగా, ఒకటి పొడుగ్గా వస్తుంది, రాని అన్నాడు. ముందు 1964లో వేరే పేరుతో ఒక చిన్న బండిలో పెట్టి చూసుకుని, 1969లో ఫియట్ 128లో దింపారు. తమాషా ఏమిటంటే మన పద్మిని, అంటే పాత ఫియట్ 1100, అదీ ఆయన చేతి కిందే పుట్టింది. వెనక చక్రాలు తోసే పద్మినీ ఆయనదే, దాన్ని ఇంటికి పంపించిన పద్ధతీ ఆయనదే.

రెండోది మైలేజీ. పాత పద్ధతిలో ఇంజన్ నిలువుగా, అంటే బండి పొడుగు వెంట ఉండి తిరుగుతుంది, ఆ తిప్పుడుని వెనక హౌసింగులో క్రౌను పినియన్ దగ్గర అడ్డంగా మలపాలి. ఆ మలుపులో పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ రాసుకుంటాయి, కొంత బలం అక్కడ వేడిగా పోతుంది. కొండ దిగిన జీపు హౌసింగు మీద చెయ్యి పెట్టి చూడండి, తెలుస్తుంది. ఇంజనే అడ్డంగా ఉంటే మలపాల్సిన పనే లేదు. దానికి తోడు షాఫ్టూ హౌసింగూ లేక బండి బరువు తగ్గుతుంది. 800 మొత్తం బండే 650 కేజీల దగ్గర ఉండేది.

మూడోదే మీ ప్రశ్నకి అసలు కీలకం: బరువు ఏ చక్రాల మీద ఉంటే పట్టు ఆ చక్రాలకే దొరుకుతుంది. చక్రం ఎంత బలంగా తిరిగినా, దాని మీద బరువు లేకపోతే రోడ్డుని పట్టుకోదు, ఊరికే గిర్రున తిరుగుతుంది. ముందు ఇంజనూ గేర్‌బాక్సూ కూర్చున్నాయి కాబట్టి ఖాళీ బండి బరువులో నూటికి అరవై పాళ్లు ముందు చక్రాల మీదే ఉంటుంది. లాగే చక్రాలూ అవే. అందుకే ఒకళ్లిద్దరు ఎక్కిన బండి వానలో, మట్టిలో కుదురుగా పోతుంది.

మరి ఐదుగురు ఎక్కితే? ఇక్కడే మీ నాన్నగారి అనుభవం మాట్లాడుతోంది.

బండి వెయ్యి కేజీలు అనుకుందాం. ఖాళీగా ముందు 600, వెనక 400. ముందు సీట్లలో ఇద్దరు కూర్చుంటే ఆ బరువు రెండు వైపులకీ ఇంచుమించు సగం సగం పోతుంది. వెనక ముగ్గురి బరువు చాలా భాగం వెనక చక్రాలదే. డిక్కీలో సామాను వేస్తే అదంతా వెనకే, పైగా తక్కెడలాగా ముందుని కొద్దిగా లేపుతుంది. మొత్తం 1400 అయిందంటే చెరి 700 దగ్గరికి వస్తాయి. అంటే బండి బరువు 400 పెరిగితే లాగే చక్రాల మీద పెరిగింది వందే. ఇక ఎక్కుడు మీద బండి వెనక్కి ఒరిగి, ముందు నుంచి ఇంకొంత బరువు వెనక్కి జారుతుంది. ఆయన చెప్పేది ఇదే. సరిగ్గానే చెప్పారు.

కానీ ఎంత ఎక్కుడు అన్నది చూడాలి కదా. ఘాట్ రోడ్లు సాధారణంగా నూరడుగుల దూరానికి ఏడెనిమిది అడుగులకి మించి ఎత్తు లేకుండా వేస్తారు, లోడు లారీలు, ఆర్టీసీ బస్సులు ఎక్కాలి గనుక. అలాంటి ఎక్కుడులో 1400 కేజీల బండిని పైకి లాగడానికి సుమారు 110 కేజీల బలం చాలు. ముందు చక్రాల మీద అప్పటికీ 670 కేజీల దాకా ఉంటుంది. తడి తారు మీద కూడా మంచి టైరు తన మీదున్న బరువులో సగం దాకా పట్టు ఇస్తుంది, అంటే 330. కావాల్సింది 110, ఉన్నది 330. చక్రం జారే ప్రసక్తే లేదు.

అదే ఇంటి ర్యాంపు చూడండి. స్థలం లేక నాలుగడుగులకి ఒక అడుగు ఎత్తు చొప్పున కడతారు. అక్కడ లాగడానికి 340 కేజీల బలం కావాలి. బండి బాగా వెనక్కి ఒరుగుతుంది, ముందు చక్రాల మీద 600 మిగులుతుంది. నున్నటి టైల్సో, దుమ్మో, వాన తడో ఉండి పట్టు సగానికి పడితే 300. చాలదు. చక్రం కీచుమంటుంది, రబ్బరు వాసన వస్తుంది, బండి కదలదు. అదే జీపు అయితే వెనక చక్రాల మీద 750 పైన ఉంటుంది, సగం పట్టుకి 380 వస్తుంది, ఎక్కేస్తుంది.

ఒంగోలులో ఒక బియ్యం వ్యాపారి ఇంటికి నన్ను పిలిపించారు. కొత్త సెడాన్ ర్యాంపు ఎక్కడం లేదు, క్లచ్ పోయిందేమో చూడమని. చూస్తే డిక్కీలో ఆరు బస్తాలు. ర్యాంపు మీద పల్చగా ధాన్యం పొట్టు. ముందు టైర్లు అక్కడే తిరిగి సిమెంటు మీద రెండు నల్ల చారలు పడ్డాయి. క్లచ్‌కి ఏమీ కాలా. నేను బండిని రోడ్డు మీదకి దించి తిప్పి, రివర్సులో ఎక్కించాను. నిమ్మళంగా ఎక్కింది. రివర్సులో పోతే లాగే చక్రాలు కింది వైపు ఉంటాయి, ఒరిగిన బరువంతా వాటి మీదకే వస్తుంది. పైన లెక్కలో జీపుకి వచ్చిన 380 ఇప్పుడు దీనికి వస్తుంది. ఆయన నా వంక అనుమానంగా చూసి, "అంటే రోజూ ఎనక్కే ఎక్కించాలా?" అన్నాడు. బస్తాలు కింద దించి కూడా ఎక్కించొచ్చు అన్నాను.

ఘాట్‌లో బండి ఎక్కలేదని నా దగ్గరికి వచ్చిన కేసుల్లో చక్రం జారి ఆగింది నాకు ఒక్కటీ గుర్తు లేదు. ఎక్కువ శాతం క్లచ్ ప్లేటు అరిగినవి, మిగతావి వేడెక్కి ఆగినవి. చిన్న ఇంజన్, ఐదుగురు మనుషులు, ఏసీ ఆన్, మూడో గేరులోనే ఈడ్చి, దమ్ము చాలక సగం క్లచ్ మీద నడుపుతారు. వాసన వచ్చాక ఆపుతారు. మలుపు రాకముందే రెండో గేరుకి, అవసరమైతే ఒకటికి దించండి. కాలు క్లచ్ మీద నుంచి పూర్తిగా తీసేయండి. ఏసీ పది నిమిషాలు ఆపితే ఎవరికీ ఏమీ కాదు.

దిగేటప్పుడు ఒక జాగ్రత్త. ఈ బండ్లలో ముందు చక్రాలే లాగాలి, అవే తిరగాలి, బ్రేకులో ఎక్కువ భాగం అవే మోయాలి. ఒక మనిషికి మూడు పనులు చెప్పినట్టు. మలుపులోకి వేగంగా పోతే స్టీరింగు తిప్పినా బండి మూతి బయటి అంచు వైపే పోతుంది. అప్పుడు కంగారుపడి ఇంకా తిప్పితే లాభం లేదు. మెల్లగా యాక్సిలరేటర్ వదిలితే బరువు ముందుకొచ్చి మూతి మళ్లీ లోపలికి తిరుగుతుంది. వెనక చక్రాల బండి అయితే తడిలో తోక తిరుగుతుంది, అది మామూలు డ్రైవరుకి ఇంకా కష్టం. కాబట్టి తప్పు చేసినప్పుడు ముందు చక్రాల బండే కాస్త క్షమిస్తుందని నా అభిప్రాయం. అసలు మలుపుకి ముందే వేగం తగ్గించుకుంటే ఇదేదీ అక్కర్లేదు.

ఇక చేను సంగతి. పొదిలి చుట్టుపక్కల మీది ఎర్రనేలో, నల్లరేగడో మీరు రాయలేదు. ఎర్రనేల, గరప అయితే దిగుల్లేదు. నల్లరేగడి అయితే ఒక కేసు చెప్తాను. కొండపి వైపు ఒక పొగాకు రైతుకి బొలేరోనూ ఉంది, చిన్న హ్యాచ్‌బ్యాకూ ఉంది. ఒక కార్తీక మాసంలో వాన వెలిశాక బొలేరో వేసుకుని ఒక్కడే చేలోకి పోయాడు. వెనక ఖాళీ. గట్టు దాటగానే వెనక చక్రాలు తిరగడం మొదలెట్టి, తోక కాలవ వైపు జారింది. నేను అక్కడికి వేరే పని మీద పోయినవాణ్ణి, అదే దారిలో హ్యాచ్‌బ్యాక్‌లో నింపాదిగా వచ్చాను. ఇంజన్ బరువు లాగే చక్రాల మీద ఉంది కదా. బొలేరో వెనక నలుగురు కూలీల్ని ఎక్కించి నిలబెట్టాం, ఇక బండి కదిలింది. అదే సూత్రం, అటు తిప్పి చూడటమే. ఇంకో రెండు వానలు పడి ఉంటే నేనూ దిగబడేవాణ్ణే. ఆ మట్టి టైరు గీతల్లో నిండిపోయి, టైరు కాస్తా నున్నటి రోకలిబండలా తయారవుతుంది. పైగా హ్యాచ్‌బ్యాక్ పొట్ట నేలకి దగ్గర. అప్పుడు ట్రాక్టరు తప్ప దిక్కు లేదు. కొత్తపట్నం, మైపాడు బీచిల్లో ఇసుకలోకి దించే కుర్రాళ్లకీ ఇదే చెప్తాను: ఇసుకలో స్టీరింగు పూర్తిగా తిప్పి యాక్సిలరేటర్ తొక్కితే ముందు చక్రాలు తమ గొయ్యి తామే తవ్వుకుంటాయి. చక్రాలు నేరుగా పెట్టి, వచ్చిన దారినే వెనక్కి రావాలి.

ఎవరికి వద్దంటాను? రోజూ వెనక బరువు వేసేవాళ్లకి. రొయ్యల మేత బస్తాలు గుంటల దాకా తోలేవాళ్లు, చీమకుర్తి క్వారీల్లోకి మనుషుల్నీ సామాన్నీ ఎక్కించుకుని పోయేవాళ్లు వెనక చక్రాలు తోసే బండే తీసుకోవాలి. టాటా ఏస్, బొలేరో పికప్ లాంటివన్నీ అందుకే అలా చేస్తారు: సరుకు ఎక్కే చోటే పట్టు ఉండాలి. ఇన్నోవా కూడా మొదట్నుంచీ వెనక చక్రాల బండే. 2022 చివర్లో చూపించిన హైక్రాస్‌తో అది కూడా ముందు చక్రాలకి మారింది. ట్యాక్సీ వాళ్లు కొందరు ఇప్పటికీ పాత పద్ధతి క్రిస్టానే అడుగుతారు. సరదా ఏమిటంటే మన ఊళ్లలో స్కూలు పిల్లల్ని తిప్పిన ఓమ్నీకి ఇంజన్ ముందు సీట్ల కింద, లాగుడు వెనక చక్రాలకి. అది లోడు మీద ర్యాంపులు బాగానే ఎక్కేది, ఎండాకాలం డ్రైవరు సీటు మాత్రం పెనంలా కాలేది.

ఇప్పుడు మీరు చూసిన బండి గురించి. ఈ అమరికకే ప్రత్యేకంగా వచ్చే జబ్బులు నాలుగు ఉన్నాయి, కొనే ముందు అవి చూసుకోవాలి.

డ్రైవ్ షాఫ్ట్ బూట్లు. ముందు చక్రం పైకీ కిందకీ ఊగుతూ, పక్కలకి తిరుగుతూ కూడా ఆగకుండా బలం అందుకోవాలి. పాత బండ్లలో వాడే క్రాస్ జాయింట్ ఆ పని సాఫీగా చేయలేదు, మలుపులో కుదుపిస్తుంది. అందుకని లోపల ఉక్కు గుండ్లు ఉండే సీవీ జాయింట్ పెడతారు. దాని మీద మడతలు మడతలుగా నల్ల రబ్బరు తొడుగు, లోపల గ్రీజు. ఆ తొడుగే బూటు. అది చిరిగితే గ్రీజు బయటికి చిమ్మి, దుమ్మూ ఇసుకా లోపలికి పోయి గుండ్లని నూరేస్తాయి. మార్కాపురం నుంచి ఒక టీచరమ్మ కారు తెచ్చారు, మలుపులో టక్ టక్ టక్ అని చప్పుడని. ముందు చక్రం లోపలి వైపు వేలు పెట్టి తీస్తే నల్లటి గ్రీజు, అందులో ఇసుక రేణువులు గరగరలాడుతున్నాయి. ఆరు నెలల ముందు సర్వీసుకి ఇచ్చినప్పుడు ఎవరో బూటు పగిలిందని చెప్పారట, తర్వాత చేయిద్దాం అని ఊరుకున్నారు. వందల్లో పోయే పని వేలల్లోకి వెళ్లింది, రెండు పక్కలా. మీరు ఖాళీ స్థలంలోకి బండి తీసుకుపోయి, ఏసీ, పాటలు ఆపి, స్టీరింగు పూర్తిగా ఎడమకి తిప్పి మెల్లగా గుండ్రంగా తిప్పండి, తర్వాత కుడికి. టక్ టక్ వినిపిస్తే బయటి జాయింటు పోయినట్టే. నేరుగా పోతూ యాక్సిలరేటర్ తొక్కినప్పుడే బండి వణికితే లోపలి జాయింటు మీద అనుమానపడాలి, లేదా ఇంజన్ మౌంటింగులు.

ముందు టైర్లు. మూడు పనులూ అవే చేస్తాయి కాబట్టి వెనకవాటి కంటే ముందు అరుగుతాయి. ఎనిమిది పది వేల కిలోమీటర్లకోసారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్పించండి. ఇంకో మాట, దీని మీద నాతో చాలామంది వాదిస్తారు: రెండే కొత్త టైర్లు కొంటే అవి వెనక వేయించండి. లాగేవి ముందువి కదా అని ముందు వేస్తారు. తడి రోడ్డు మీద అరిగిన వెనక టైర్లు జారాయంటే బండి చుట్టూ తిరుగుతుంది, దాన్ని ఆపడం మన వల్ల కాదు. ముందువి జారితే కనీసం చేతికి తెలుస్తుంది.

రేడియేటర్ ఫ్యాన్. ఇది చాలామంది పట్టించుకోరు. పాత బండిలో ఇంజన్ నిలువుగా ఉంటుంది, ఫ్యాను బెల్టుతో ఇంజనే తిప్పుతుంది. అడ్డంగా పెట్టిన ఇంజనుకి అలా కుదరదు, కరెంటు ఫ్యాను పెడతారు. ఆ మోటారో, రిలేనో, సెన్సారో పోతే హైవే మీద తెలియదు, గాలి తగులుతుంది గనుక. నెమ్మదిగా ఎక్కే ఘాట్‌లో, అదీ రోహిణి కార్తెలో, ఇంజన్ వేడి చూపించే సూది పైకి లేస్తుంది. బండి చూడటానికి వెళ్లినప్పుడు స్టార్ట్ చేసి ఇరవై నిమిషాలు అలాగే ఉంచండి. ఏసీ ఆన్ చేయకుండానే ఫ్యాను దానంతట అదే తిరిగి ఆగాలి. అమ్మేవాళ్లు తొందరపెట్టినా కదలొద్దు.

నాలుగోది మెకానిక్కు కూలి. అంతా ఒకే చోట ఇరికించారు కాబట్టి కొన్ని పనులకి చెయ్యి దూరదు. క్లచ్ మార్చాలంటే డ్రైవ్ షాఫ్టులు తీసి, గేర్‌బాక్సు దించాలి. కూలి ఎక్కువ అడిగారని మమ్మల్ని తిట్టుకోకండి. ఇంతకుముందు చెప్పిన పొట్టి షాఫ్ట్, పొడుగు షాఫ్ట్ తేడా వల్ల గట్టిగా తొక్కినప్పుడు స్టీరింగు ఒక పక్కకి లాగుతుందంటారు. అది బలమైన ఇంజన్లున్న బండ్ల గొడవ. మీరు చూసినదానిలో స్టీరింగు లాగితే అలైన్‌మెంటో, టైరు గాలో, లోయర్ ఆర్మ్ బుష్షో చూసుకోండి.

ఒకవేళ బండి దారిలో ఆగి, లాక్కుపోవాల్సి వస్తే ముందు చక్రాలు పైకెత్తి లాగించండి. ఆటోమేటిక్ గేరు అయితే ఇది మరీ ముఖ్యం.

చివరగా ఆ సీఎన్‌జీ. ఖాళీ సిలిండరే యాభై అరవై కేజీలు ఉంటుంది, అదీ సరిగ్గా డిక్కీలో. అంటే ఎప్పుడూ ఒక మనిషి డిక్కీలో కూర్చున్నట్టే. పై లెక్క ప్రకారం ఘాట్‌కి అడ్డం రాదు, కానీ వెనక స్ప్రింగులు కుంగి ఉన్నాయేమో పక్క నుంచి వంగి చూడండి. గ్యాసు మీద ఇంజన్ దమ్ము కాస్త తగ్గుతుంది కూడా, కాబట్టి దోర్నాల దగ్గరే పెట్రోలుకి మార్చేసుకుని ఎక్కండి. సామాను ఉంటే బరువైనవి ముందు సీటు కాళ్ల దగ్గర పెట్టండి. సిలిండరు అడ్డమని స్టెప్నీని ఇంట్లో అటక మీద పడేసి తిరిగే బండ్లు మా షెడ్డుకి వారానికొకటి వస్తాయి. మీరు చూసినదానికి స్టెప్నీ ఉందో లేదో, ఉంటే ఎక్కడ బిగించారో, జాకీ ఉందో అడగండి. దోర్నాల దాటితే అంతా అడవే, పంక్చర్ షాపు దొరకదు, రాత్రయితే అడవి దారి గేటు కూడా వేసేస్తారు.